ఎవరికి తీరని లోటు

చనిపోయిన మర్నాడు పొద్దున రెఫరీ చోయికుట్టి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు.

బయట జూన్ వాన. ఆయన గొడుగు మూసి గుమ్మం పక్కన ఆనించి, మోకాళ్ళ పైకి మడిచి కట్టిన పంచె కిందికి దించుకుని, "చావుల పేజీ చూసేదెవరిక్కడ?" అని అడిగాడు. గొంతులో కోపమేం లేదు. కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలో కనుక్కోవడానికొచ్చినవాడిలా ఉన్నాడు.

నేను ఆటల పేజీ చూసేవాణ్ణి. ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాను. కోళికోడ్‌లో బంతాట చూసిన వాడెవడూ ఆ మనిషిని మర్చిపోడు. సన్నగా, నిటారుగా, అరవై దాటినా విజిల్ కోసం చెయ్యి జేబువైపు పోతున్నట్టే ఉంటాడు. ముందురోజు పేపర్లో ఆయన చావు వార్త పక్కన వేసిన ఫొటో నా సొరుగులోదే.

నా పక్క బల్ల వసుమతిది. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"నేనే, ఏట్టా," అంది. మా వైపు అన్నా అని పిలవడం అది.

"అయితే నన్ను చంపింది నువ్వేనా అమ్మాయీ," అంటూ ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మాది సాయంత్రం పత్రిక. మధ్యాహ్నం అన్నాలవేళకి పేజీలు మూసేసి, టీ వేళకి బస్టాండులో ఉండాలి. చావుల పేజీ అంటే మా దగ్గర చిన్నచూపు లేదు. జనం ముందు ఆ పేజీ తిప్పి, తెలిసినవాళ్ళెవరు పోయారో చూసుకుని, ఆ తర్వాతే మొదటి పేజీకి వస్తారని మా ఎడిటర్ బాలగోపాలన్ మాష్ అనేవాడు. ఆయన ఒకప్పుడు బడిపంతులు. పత్రికలోకి వచ్చి ఎన్నేళ్ళయినా అందరూ మాష్ అనే పిలిచేవారు. ఆ పేజీని వసుమతి ఒంటి చేత్తో నడిపేది. చుట్టుపక్కల ఊళ్ళ ఏజెంట్లు ఫోన్ చేసి పేర్లు చెప్పేవారు, ఆవిడ రాసుకునేది.

ముందురోజు ఫరోక్ ఏజెంటు ఫోన్ చేశాడు. చోయికుట్టి పోయాడు, గుండెపోటు, సాయంత్రమే దహనం అన్నాడు. అంతలో వానకి లైను తెగిపోయింది. ఫరోక్‌లో చోయికుట్టి అంటే వసుమతికి తెలిసినవాడు ఒక్కడే. నాకూ అంతే. రెఫరీ గురించి ఆవిడ గుర్తున్నంతలో ఓ పేరా రాసి, చివర్న ఎప్పుడూ రాసే వాక్యం చేర్చింది. ఆయన మృతి కేరళ ఫుట్‌బాల్ లోకానికి తీరని లోటని పలువురు సంతాపం తెలిపారు. పేపరు వీధిలోకి వెళ్ళాక ఏజెంటు మళ్ళీ ఫోన్ చేసి నెత్తి బాదుకున్నాడు. పోయింది పెంకుల ఫ్యాక్టరీ చోయికుట్టి. రెఫరీ ఆ వేళకి బజార్లో మత్తిచేపలు బేరమాడుతున్నాడు.

"క్షమించండి ఏట్టా. ఇవాళ సవరణ వేస్తున్నాం," అంది వసుమతి.

"వేద్దువుగాని. నేను అందుకు రాలేదు." ఆయన చంకలో పేపరు తీసి బల్లమీద పరిచాడు. తన వార్త కింద పెన్నుతో గీత గీసి ఉంది. "ఇక్కడ 'పలువురు' అని రాశావు చూడు. ఆ పలువురిలో ఒక్కడి పేరు చెప్తావా?"

"ఎందుకు?"

"వాడికి టీ ఇప్పిద్దామని."

వసుమతి పేపరు తనవైపు తిప్పుకుంది.

"నిన్న సాయంత్రం నుంచి అరుగు మీద కూచుని చూశాను," అన్నాడు రెఫరీ. "జనం రాకపోలేదు. వచ్చారు. నేను కుర్చీలో ఉండటం చూసి, 'ఓ, ఉన్నారా' అని గొడుగు తిప్పుకుని వెళ్ళిపోయారు. పాత గోల్‌కీపర్ ఒకడొచ్చాడు. కల్లు తాగి ఉన్నాడు. 'నువ్వు పోయావంటే ఇన్నాళ్ళకి కంటినిండా నిద్రపడుతుందనుకున్నా, అదీ లేకుండా చేశావు' అని మెట్లమీద కూలబడ్డాడు. వాడికి నేనే కాఫీ పెట్టి ఇచ్చాను. తీరని లోటు అన్నవాడు మాత్రం ఒక్కడూ కనపళ్ళేదు. మరి నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు ఏట్టా. అది ఆ పేజీలో ఉండే మాట. అంతే."

"ఉండే మాటంటే?"

ఆవిడ నిజం చెప్పేసింది. మంత్రులకీ, పెద్ద డాక్టర్లకీ, పేరున్న వాళ్ళకీ తీరని లోటు రాస్తాం. టీచర్లయితే శిష్యుల్ని శోకంలో ముంచుతాం. వ్యాపారి పోతే వ్యాపార వర్గాల్లో విషాదం. పార్టీ మనిషైతే ఉద్యమానికి దెబ్బ. ఎవరెవరికి ఏ మాటో ఎక్కడా రాసిలేదు గానీ, చేతికి అలవాటు.

రెఫరీ ముందుకు వంగాడు. ఆయన ముఖంలో ఏదో వెలిగింది. జీవితమంతా ఆట నిబంధనలు చదివినవాడికి కొత్త నిబంధన వినపడితే ఎలా ఉంటుందో అలా.

"మరి మామూలు మనిషి పోతే?"

"భార్యాపిల్లల పేర్లు రాస్తాం."

"లోటు రాయరా?"

"రాయం."

"అంటే వాళ్ళు పోతే లోటు లేదన్నమాట."

"ఉంది ఏట్టా. చోటే లేదు."

ఆయన నవ్వాడు. చొక్కాజేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, పేపరు మొదటి పేజీకి తిప్పాడు. మా పనులు మేం చేసుకుంటూ ఉంటే ఆయన మెల్లిగా, పైకి, పరీక్షకి చదివే పిల్లాడిలా చదవడం మొదలుపెట్టాడు. చలియార్‌లో పడవ బోల్తా, ప్రాణనష్టం లేదు. గాలికి అరటితోటలు నేలమట్టం, రైతులకు భారీ నష్టం. బస్సుల సంస్థ నష్టాల ఊబిలో. ఉప ఎన్నికలో స్వతంత్రుల డిపాజిట్లు గల్లంతు. కడలుండి దగ్గర యువకుడు గల్లంతు.

అక్కడ ఆగాడు.

"డిపాజిట్టూ గల్లంతే, కుర్రాడూ గల్లంతేనా?"

"మాట ఒకటే," అన్నాను నేను. "అర్థాలు వేరు."

"డిపాజిట్టు ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు కదా శశీ. కుర్రాడి సంగతి కదా తెలీనిది." ఆయన మళ్ళీ చదివాడు. పదవి పోగొట్టుకున్న బోర్డు చైర్మన్. రైల్లో గొలుసు పోగొట్టుకున్న ఉపాధ్యాయిని. జ్ఞాపకశక్తి కోల్పోయి స్టేషన్‌లో దొరికిన వృద్ధుడు. ప్రతిపక్షం విశ్వాసం కోల్పోయిందన్న మంత్రి. చివరికి నా పేజీకి వచ్చాడు. అక్కడ పోర్టు జట్టు చిత్తయింది, బేపూర్ జట్టు మట్టికరిచింది, పోలీసు జట్టు కంగుతింది.

కళ్ళద్దాలు తీసి ఆలోచనలో పడ్డాడు.

"ఒక సంగతి చెప్పు అమ్మాయీ. ఆటలో ఒకడు ఓడాడంటే ఇంకొకడు గెలిచాడని అర్థం. నీ పేపరంతా పోవడాలే. గెలిచినవాడు మాత్రం శశి పేజీలోనే ఉన్నాడు. తక్కినచోట్ల ఎవరు గెలిచారు?"

వసుమతి పెన్ను పక్కన పెట్టింది. ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్ళు మా ఆఫీసుకి రారు. నాకు తెలిసి ఆవిడకి అలాంటివాటి మీద మనసు ఎక్కువ. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి తినడం మర్చిపోయి ఏదో ఒక మాట గురించి ఆలోచిస్తూ కూచునే రకం.

"కొన్నిచోట్ల చెప్తాం ఏట్టా," అంది కాసేపటికి. "తోట నీటిపాలయింది అంటాం. కొట్టు అగ్గిపాలయింది అంటాం. గొలుసు దొంగలపాలు. పాలు అంటే వాటా కదా. నీళ్ళు గెలిచాయి, నిప్పు గెలిచింది, దొంగ గెలిచాడు."

"బాగుంది," అన్నాడు రెఫరీ. నిజంగానే సంతోషపడ్డాడు. "మరి గుండె ఆగి పోయినవాడు ఎవరిపాలు?"

అప్పుడే మాష్ తన గదిలోంచి సవరణ రాసిన కాగితం పట్టుకొచ్చాడు. రెఫరీని చూసి ఇబ్బందిపడి, దండం పెట్టి, కాగితం చదివి వినిపించాడు. ప్రముఖ రెఫరీ చోయికుట్టి మరణించారని నిన్న ప్రచురించాం. ఆయన జీవించే ఉన్నారు. చింతిస్తున్నాం.

"ఏమని చింతిస్తున్నారు మాషే?" అన్నాడు రెఫరీ. "నేను బతికున్నందుకా?"

మాష్ కాగితం మళ్ళీ చదువుకున్నాడు. చదివి, తల అడ్డంగా ఊపి, పెన్ను తీశాడు.

"ఉండండి," అన్నాడు రెఫరీ. "నాకు జరిగిన ఫౌల్ పెద్దది కాదు. ఒక పూట చచ్చాను, మళ్ళీ లేచాను. అసలు పోయినవాడున్నాడు కదా. వాడికి నిన్న మీ పేపర్లో చోటే లేకుండా పోయింది. వాడి చావుని నేను తీసేసుకున్నాను. వాడి గురించి ఇవాళ ఏం రాస్తున్నారు?"

వసుమతి తన దగ్గరున్నది చూపించింది. ఫరోక్ పెంకుల ఫ్యాక్టరీ మాజీ కార్మికుడు చోయికుట్టి మృతి చెందారు. భార్య మాతు, కుమార్తె వనజ.

"ఇంతేనా?"

"ఏజెంటు చెప్పింది ఇంతే."

"పదండి మరి. వెళ్ళి అడుగుదాం. ఆ మనిషిది మా ఊరే. పేరు వినడమే గానీ నేనెప్పుడూ చూళ్ళేదు."

పేజీ మూసేలోపు వచ్చేయాలి సుమా అని మాష్ అన్నాడు గానీ అడ్డు చెప్పలేదు. బయటి పత్రికలేవైనా ఈ పొరపాటు పట్టుకుని ఆడుకుంటాయని ఆయన భయం. మేం వెళ్ళి పలకరించి రావడం మంచిదే అనుకున్నట్టుంది. వసుమతికి తోడు నేనూ బయల్దేరాను. తోడుకన్నా, ఆ ఇంట్లో రెఫరీ గుమ్మం దాటినప్పుడు జనం ముఖాలు ఎలా ఉంటాయో చూడాలని నాకు ఎక్కువగా ఉంది.

బస్సులో ముగ్గురం వెనక సీట్లో కూచున్నాం. వంతెన దాటాక మూతబడ్డ పెంకుల ఫ్యాక్టరీల పొగగొట్టాలు వానలో నల్లగా కనపడ్డాయి. రెఫరీ దారంతా కిటికీలోంచి చూస్తూ, ఒక్కసారి మాత్రం, "గోల్‌కీపర్ బాధ నాకు అర్థమైంది గానీ, సంతాపం చెప్పడానికొచ్చి బస్సుచార్జీ దండగయిందన్నట్టు చూశారే, వాళ్ళది అర్థం కాలేదు," అన్నాడు.

ఇల్లు ఏటిగట్టుకి దగ్గర్లో, ఇరుకు సందులో. వాకిట్లో నీలం టార్పాలిన్ కట్టారు. క్లబ్బు నుంచి తెచ్చిన కుర్చీల్లో మగవాళ్ళు బీడీలు కాలుస్తున్నారు. రెఫరీ లోపలికి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. నిన్న పేపర్లో చచ్చినవాడు ఇవాళ చావింటికి వచ్చాడు. ఒక ముసలావిడ పక్కావిడని మోచేత్తో పొడిచి, "ఇంతకీ ఏ చోయికుట్టి పోయినట్టు?" అని కాస్త పైకే అడిగింది.

అరుగు మీద కూతురు వనజ కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. కళ్ళు వాచి ఉన్నాయి గానీ మాట గట్టిగానే ఉంది. వసుమతి తాను ఎవరో, ఏం పొరపాటు జరిగిందో చెప్పింది.

"నిన్న చదివాను," అంది వనజ. "అమ్మకి వినిపించాను కూడా. 'నాన్న పేపర్లో ఎక్కాడు, కానీ తల మారిపోయింది' అని చెప్పాను."

వసుమతి తల దించుకుంది. తర్వాత అలవాటు ప్రకారం అడగాల్సినవన్నీ అడిగింది. వయసు, పని, ఫ్యాక్టరీ పేరు, ఎప్పటినుంచి గుండెనొప్పి. చివరికి, "నాన్నగారు లేకపోవడం ఎవరికి లోటు అనుకుంటున్నారు?" అంది. నోట్లోంచి పేపరు భాషే వచ్చింది.

"అంటే?" అంది వనజ.

రెఫరీ పక్కనుంచి అందుకున్నాడు. "నిన్నటికీ ఇవాళ్టికీ ఈ ఇంట్లో ఏం తగ్గింది తల్లీ అని అడుగుతోంది."

వనజ తలెత్తి పైకి చూసింది. మేమూ చూశాం. అప్పుడు గానీ నాకు ఆ చప్పుడు వినపడలేదు. లోపల గదిలో ఒక బకెట్టు, గుమ్మం దగ్గర ఒక ఇత్తడి గిన్నె. కప్పులోంచి రెంటిలోకీ చుక్కలు పడుతున్నాయి.

"వానలకి ముందు నాన్న కప్పు ఎక్కేవాడు," అంది వనజ. "మాదొక్కటే కాదు, ఈ సందులో అందరివీ. పగిలినవి తీసి కొత్తవి వేసేవాడు. ఈసారి ఎండల్లోనే రొప్పు వచ్చింది. 'వచ్చేవారం, వచ్చేవారం' అంటూ మా పిన్ని వాళ్ళ ఇల్లొక్కటే చేశాడు."

"మాది సగంలో వదిలేశాడు," అంది మోచేత్తో పొడిచిన ముసలావిడ. "నిచ్చెన ఇంకా మా గోడకే ఉంది."

"మా మంచం నిన్నటినుంచి గది చుట్టూ తిప్పుతూనే ఉన్నాం," అంది ఇంకొకావిడ. అని, ఇలాంటి ఇంట్లో ఇలాంటి మాట అనొచ్చా అన్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అనండి, పర్లేదు," అంది వనజ. "నాన్న వింటే ఇవాళే నిచ్చెన ఎక్కేవాడు."

అప్పుడు వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఎవరింట్లో ఎక్కడ కారుతోందో, ఆయన ఎక్కితే కిందనుంచి ఎవరు పెంకులు అందించేవాళ్ళో, దిగాక పాలు లేని కట్టన్‌చాయ తప్ప ఇంకేదీ పుచ్చుకునేవాడు కాదని, అందులో బెల్లం ఎక్కువ వెయ్యమని పోరేవాడని. వసుమతి రాసుకుంటూనే ఉంది. చావింట్లో ఇంత మాట్లాడతారని నేను అనుకోలేదు. ఎవరూ ఏడుస్తూ చెప్పలేదు. ఇంటిపని చెప్పుకున్నట్టు చెప్పారు.

లోపల్నుంచి గొంతు వచ్చింది. "వనజా, ఎవరే వచ్చింది?"

"రెఫరీగారమ్మా."

"లోపలికి రమ్మను."

మాతు చాప మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చిన్న మనిషి. చెవులకి బరువైన పాత తోడ కమ్మలు వేలాడుతున్నాయి. రెఫరీని పైనుంచి కిందిదాకా చాలాసేపు చూసింది.

"మీరేనా పెనాల్టీ ఇచ్చింది?" అంది.

ఆ పెనాల్టీ సంగతి మా వైపు పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. చాలా ఏళ్ళ కిందట కప్పు ఫైనల్లో, ఆట ముగిసే ముందు, గోవా నుంచి వచ్చిన జట్టుకి ఆయన ఇచ్చిన పెనాల్టీ వల్ల మన జట్టు ఓడింది. ఆ తర్వాత ఆయన పేరు పెట్టి ఊళ్ళో కుక్కల్ని పిలిచారు.

"నేనే," అన్నాడు రెఫరీ.

"నిజంగా పెనాల్టీయేనా అది?"

గుమ్మం దగ్గర మూగిన మగవాళ్ళు కూడా మెడలు చాచారు. రెఫరీ ఆలోచించలేదు. "అవునమ్మా. చేత్తో ఆపాడు. నేను దగ్గర్లోనే ఉన్నాను."

"ఆయనా అదే అనేవాడు," అంది మాతు.

"మీ ఆయన ఆ ఆటకి వచ్చాడా?"

"ఆటకా? బంతి ఎటు తన్నాలో కూడా తెలీదు ఆయనకి. ఆ పూట బట్టీ దగ్గర ఉన్నాడు." ఆవిడ కాళ్ళు సర్దుకుంది. "మర్నాడు పొద్దున లేచి చూస్తే మా గోడనిండా పేడ. చోయికుట్టి ఇల్లెక్కడ అని అడిగితే ఎవడో ఈ సందు చూపించాడట. నేను లబలబలాడాను. ఆయన బకెట్టు తెచ్చి కడగడం మొదలుపెట్టాడు. అప్పట్నించీ టీకొట్టుకి వెళ్తే కుర్రాళ్ళు విజిల్ వేసేవాళ్ళు. బస్సెక్కితే తిట్టేవాళ్ళు. నేను ఆ చోయికుట్టిని కాదని చెప్పొచ్చుగా అనేదాన్ని."

"చెప్పలేదా?"

"చెప్పలేదు. చెప్తే వెళ్ళి అసలాయన గోడమీద కొడతారు, ఆయనకి కడగడానికి ఇంట్లో ఆడదిక్కు కూడా లేదట అనేవాడు."

"నా భార్య అప్పటికి ఉంది," అన్నాడు రెఫరీ. "ఉన్నా కడిగేది కాదు. మనిషి అలాంటిది."

మాతు నవ్వింది. వనజ గుమ్మంలోంచి తల్లిని చూసి, తనూ నవ్వి, ముఖం తిప్పుకుంది.

"వాళ్ళతో వాదనలు కూడా పెట్టుకునేవాడు," అంది మాతు. "అది పెనాల్టీయే, చేత్తో ఆపితే ఇవ్వకేం చేస్తాడు అని. ఎవరో పేపరు చదివి చెప్తే విని బట్టీ పట్టాడు. తిట్టేవాళ్ళకి ఆయనే రెఫరీ కదా, తగ్గితే ఎలా? రానురాను ఇష్టపడ్డాడో ఏమో. నేను సరిగ్గానే ఇచ్చాను అనేవాడు. నేను, నేను అనేవాడు."

రెఫరీ గోడ వైపు చూస్తున్నాడు. బకెట్లో చుక్కలు పడుతున్నాయి.

"నన్నెప్పుడైనా చూశాడా?" అని అడిగాడు.

"ఒకసారి బస్సులో మీ వెనక సీట్లో కూచున్నాడట. ఇంటికొచ్చి చెప్పాడు. పలకరించలేకపోయావా అన్నాను. ఏమని పలకరించను, నేనే నువ్వని చెప్పనా అన్నాడు."

రెఫరీ లేచి, ఆవిడకి చేతులు జోడించి, బయటికి వచ్చాడు. వాకిట్లో మగవాళ్ళలో ఒకడు ఆయనకి కుర్చీ ఇచ్చాడు. కూర్చోలేదు. సందులోకి వెళ్ళి ఆ ఇంటి ముందుగోడ చూస్తూ కాసేపు నిలబడ్డాడు. సున్నం కొట్టిన మామూలు గోడ. దాని మీద చూడ్డానికేం లేదు.

తిరుగు బస్సులో వసుమతి ఒళ్ళో కాగితం పెట్టుకుని రాస్తూ కొట్టేస్తూ ఉంది. వంతెన దగ్గర బస్సు ఆగినప్పుడు రెఫరీ ఆవిడవైపు తిరిగాడు.

"నేను పోతే ఎవరికి లోటా అని నిన్నట్నుంచి వెతుకుతున్నాను. ఇప్పుడు చూస్తే నాకే ఒకటి వచ్చిపడింది. నా తరఫున మాట్లాడేవాడు ఊళ్ళో ఒక్కడున్నాడట. ఉన్నాడని తెలిసేసరికి లేడు." ఆవిడ ఒళ్ళో కాగితం వైపు చూశాడు. "మీ మాటల్లో దీనికి ఏదైనా ఉందా?"

"లేదు ఏట్టా," అంది వసుమతి. "ఇప్పుడు మీరన్నట్టే రాస్తాను."

మేం ఆఫీసుకి వచ్చేసరికి పేజీ మూసే వేళ దాటుతోంది. మాష్ గుమ్మంలోనే ఎదురుపడి కాగితం లాక్కుని నిలబడే చదివాడు. ఆ వార్త నాకు ఇప్పటికీ దాదాపు నోటికొచ్చు.

ఫరోక్ పెంకుల ఫ్యాక్టరీలో పనిచేసిన చోయికుట్టి నిన్న గుండెపోటుతో పోయారు. భార్య మాతు, కుమార్తె వనజ ఉన్నారు. తమ సందులో ఇళ్ళ కప్పులు ఏటా వానలకు ముందు ఆయనే సరిచేసేవారు. ఈ ఏడాది ఒక ఇల్లు పూర్తయింది, ఒకటి సగమైంది. మిగిలినవి కారుతున్నాయి. తన పేరే ఉన్న రెఫరీకి పడాల్సిన తిట్లు చాలా ఏళ్ళపాటు ఆయన పడ్డారు, ఆ రెఫరీ తరఫున వాదించారు కూడా. రెఫరీ చోయికుట్టి బతికే ఉన్నారు. ఆయన పోయారని నిన్న రాసింది మా తప్పు. ఈ చోయికుట్టి లేకపోవడం తనకు తీరని లోటని రెఫరీ చోయికుట్టి చెప్పారు.

"కారుతున్నాయి అని చావు వార్తలో ఏంటి వసుమతీ?" అన్నాడు మాష్.

"కారుతున్నాయి కాబట్టి మాషే."

ఆయన పెన్ను ఆ మాటమీద ఆడించి, వదిలేశాడు. కాగితం కంపోజింగ్ గదికి పంపబోతుంటే రెఫరీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అందులో 'తీరని' తీసెయ్యండి."

"ఎందుకు? మీరు చెప్పిందే కదా."

"లోటన్నది చెప్పాను. తీరుతుందో తీరదో ఇవాళే ఎలా చెప్తాను? నాకు అది ఉందని తెలిసి పూట కూడా కాలేదు. ఉత్త లోటని వెయ్యండి."

మాష్ 'తీరని' కొట్టేశాడు. నా ఉద్యోగంలో ఆ మాట ఒకరు అడిగి తీయించుకోవడం అదొక్కసారే చూశాను.

పేపరు వెళ్ళిన మర్నాడు ఆ మూతబడ్డ ఫ్యాక్టరీ కార్మికసంఘం వాళ్ళు కొందరు నిచ్చెనలు పట్టుకుని ఆ సందుకి వెళ్ళారని ఏజెంటు చెప్పాడు. పని ఆయన చేసినంత బాగా లేదట, ముసలావిడ ఇల్లు ఇంకా కారుతూనే ఉందట. రెఫరీ ఆ తర్వాత మా ఆఫీసుకి రాలేదు. బజార్లో కనపడినప్పుడు మాత్రం, పెంకుల చోయికుట్టి ఇంటికి అప్పుడప్పుడూ వెళ్తున్నానని, మాతు తనకి అరటికాయ ఉప్పేరి వేయించి ఇస్తుందని, పెనాల్టీ గురించి ఆవిడ కొత్త కొత్త సందేహాలు అడుగుతోందని చెప్పాడు. కొన్నిటికి తన దగ్గర జవాబు లేదట.

వసుమతి మాత్రం ఏజెంట్లని వదల్లేదు. ఫోన్ వచ్చినప్పుడల్లా పేరు, వయసు రాసుకున్నాక, "ఆ ఇంట్లో ఏం తగ్గిందో అడిగి చెప్పండి," అనేది. వాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఇంకా శవం ఇంట్లోనే ఉంది, ఇదేం ప్రశ్న చేచ్చీ అని అక్కని కోప్పడినట్టు అనేవాళ్ళు. ఆవిడ ఊరుకునేది కాదు. కొన్ని ఇళ్ళవాళ్ళు ఏం చెప్పాలో తెలీక ఊరుకునేవాళ్ళు, అప్పుడు భార్యాపిల్లల పేర్లే వేసేది. ఒక ఇంట్లోవాళ్ళు, ఇంట్లో కేకలు తగ్గాయని చెప్పారట. అది వెయ్యడానికి మాష్ ఒప్పుకోలేదు. ఆవిడ ఓ పూటంతా ఆయనతో వాదించి ఓడిపోయింది.

ఆ వానలు ముగిసే రోజుల్లో కొయిలాండి ఏజెంటు ఒక పెద్దావిడ పోయిందని ఫోన్ చేశాడు. వసుమతి మామూలు ప్రశ్న అడిగింది. ఆయన గొణుక్కుంటూ పెట్టేసి, కాసేపటికి మళ్ళీ చేశాడు. నేను పక్కనే పోర్టు జట్టుకి ఆ రోజు ఏ ఓటమి మాట వెయ్యాలా అని తల పట్టుకుని ఉన్నాను.

"అడిగాను చేచ్చీ," అంటున్నాడు ఏజెంటు. లైను సరిగ్గా లేక ఆయన అరుస్తుంటే నాకూ వినపడుతోంది. "ఇంట్లోకి పాము వస్తే తరిమేది ఆవిడొక్కతేనట. మిగతావాళ్ళంతా మంచాలెక్కేవాళ్ళట. ఇదేం రాస్తారు?"

"రాస్తాను," అంది వసుమతి, కొత్త కాగితం లాక్కుంటూ. "కర్రతో తరిమేదా, చేటతోనా?"